వయసు కాదు, మందు

"పెద్దాయనకి వయసైపోయింది, మతిమరుపు వచ్చేసింది." ముప్పై ఏళ్లుగా రోజూ క్వార్టర్ తాగే మనిషి గురించి కూడా మన ఇళ్లలో ఇదే మాట. బాగుపడే వీలున్న మెదళ్లు ఈ మాట వల్లే పాడైపోతున్నాయి.

మా పెదనాన్న పేకాటలో ఎవరి చేతిలో ఏ ముక్క ఉందో చెప్పేసేవాడు. అరవై రెండేళ్లకి, తన వంతు వచ్చిందని కూడా తెలియక ముక్కలు పట్టుకుని గోడకేసి చూస్తుండేవాడు. కొన్నాళ్లకి, ఎప్పుడో చనిపోయిన తమ్ముడు పొద్దున్నే వచ్చి కాఫీ తాగి వెళ్లాడని చెప్పడం మొదలైంది. అది అబద్ధం కాదు. జ్ఞాపకం లేనిచోట మెదడు కల్పించుకుంటుంది. కోర్సకాఫ్ అనే రష్యా వైద్యుడు 1887లోనే ఈ జబ్బు గురించి రాశాడు.

దీనికి మూలం బీ1 విటమిన్ లోపం. తాగేవాళ్లు సరిగ్గా తినరు, తిన్నదాంట్లోని బీ1 ఒంటికి పట్టదు. అది లేకపోతే మెదడు గ్లూకోజ్‌ని వాడుకోలేదు. నాలుగు రోజులు తిండి మాని తాగి పడిపోయిన మనిషికి మన ఊళ్లలో ముందు చేసేది గ్లూకోజ్ బాటిల్ పెట్టడం. ఉన్న కాస్త బీ1 దాంతో అయిపోయి మెదడు ఇంకా దెబ్బతినే ప్రమాదముంది. గ్లూకోజ్‌కి ముందో, దాంతోపాటో బీ1 ఇంజెక్షన్ పడాలి. మా పెదనాన్నకి బాటిల్ ఎక్కించారు, ఇంజెక్షన్ ఇవ్వలేదు.

తాగనివాళ్లకీ మతిమరుపు వస్తుంది కదా అంటారు. వస్తుంది. కానీ మామూలు ముసలితనంలో పేరు గుర్తుకు రావడం ఆలస్యమవుతుంది, కాస్త అందిస్తే వచ్చేస్తుంది. మందు తోడైతే కథ వేరు. వయసుతో ఒంట్లో నీరు తగ్గుతుంది కాబట్టి, నలభైలో తాగిన క్వార్టరే అరవై ఐదులో ఎక్కువ ఎక్కుతుంది. ధ్యాస నిలిపేది నుదుటి వెనకున్న మెదడు. వయసు, మందు రెండూ గట్టిగా దెబ్బకొట్టేది అక్కడే. మానేస్తే చాలామందికి కొన్ని నెలల్లో ధ్యాస మెరుగవుతుంది. అయితే ఏళ్ల తరబడి తాగినవాళ్లు ఒక్కసారిగా మానేస్తే వణుకు, ఫిట్స్ రావచ్చు, ప్రాణం కూడా పోవచ్చు. డాక్టర్ చూస్తుండగానే మానాలి.

ఆ డాక్టర్ ఎక్కడున్నాడు? 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్లు సారాపై తిరగబడ్డారు. 1995లో మద్యనిషేధం వచ్చింది, 1997లో పోయింది. ఇప్పుడు రెండు రాష్ట్రాల ఖజానాలకీ మద్యమే ఊతకర్ర. ఆ డబ్బులోంచి ప్రతి పీహెచ్‌సీలో బీ1 ఇంజెక్షన్, మండలానికొక మందు మాన్పించే డాక్టర్ ఇవ్వమంటున్నాను. దూబగుంట ఆడవాళ్లు అడిగినదాని ముందు ఇది చాలా చిన్న కోరిక.