సవరణ: 5 వేల లోపు దొంగతనమూ నేరమే

నిన్న కోఠి ఫుట్‌పాత్ మీద చున్నీలు అమ్మే అక్క దగ్గర రెండు చున్నీలు ఎవరో ఎత్తుకెళ్లిన సంగతి రాస్తూ, కొత్త చట్టంలో 5,000 రూపాయల లోపు దొంగతనానికి శిక్షే లేదన్నాను. అది తప్పు, వాట్సాప్‌లో వచ్చింది నమ్మి రాసేశాను. ఇప్పుడు చట్టమే తెరిచి చదివాను. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్ ప్రకారం అది నేరమే, కాకపోతే మొదటిసారి దోషిగా తేలినవాళ్లు సొత్తు గానీ దాని విలువ గానీ తిరిగిచ్చేస్తే జైలు బదులు సమాజ సేవ శిక్ష వేస్తారు. రెండోసారి దోషిగా తేలితే ఏడాదికి తగ్గకుండా ఐదేళ్ల దాకా కఠిన జైలు, జరిమానా. అయితే ఇంత చిన్న సొత్తుకు మేజిస్ట్రేట్ ఆదేశం లేకుండా పోలీసులు దర్యాప్తు మొదలుపెట్టలేరు, అసలు చిక్కు అక్కడే అని నాకు ఇప్పటికీ అనిపిస్తోంది. మడత విప్పని ఆ రెండు చున్నీలు అక్కకు ఒక పూట సంపాదన.