అంకెల సంగతి ఒక్క ముక్కలో తేల్చేశారు

కొత్తగా కొరియన్ భాష నేర్చుకునేవాళ్ల కోసం వచ్చిన వ్యాసంలో ఇచ్చిన రోజువారీ మాటల పట్టిక బాగుంది. రోజుకు కొన్ని బట్టీ పట్టమన్నారు, సరే. కానీ కొత్తవాళ్లకు అసలు టెన్షన్ పెట్టే అంకెల్ని ఒక్క లైనులో దాటేశారు.

కొరియన్‌లో అంకెలు రెండు వరసలు. హానా, తుల్, సెత్ అనేవి సొంత మాటలు. ఇల్, ఇ, సామ్ చైనా భాష నుంచి వచ్చినవి. డబ్బుకు, తేదీలకు, ఫోన్ నంబర్లకు రెండో వరసే. టైము దగ్గరే తమాషా: గంటలు మొదటి వరసలో, నిమిషాలు రెండో వరసలో చెప్పాలి. మూడున్నర అంటే సె షి (మూడు గంటలు; సెత్ ఇక్కడ సె అవుతుంది), సమ్‌షిప్ పున్ (ముప్పై నిమిషాలు). పైగా లెక్కపెట్టేదాన్ని బట్టి పక్కన మరో మాట చేరుతుంది: మనుషులకు మ్యొంగ్, పుస్తకాలకు క్వొన్, కప్పులకు జాన్. మూడు పుస్తకాలు, ముగ్గురు మనుషులు అనే మనకు ఇదేం వింత కాదు లెండి.

అందుకే విడిమాటల కంటే షాపులో వాడే వాక్యాలే పట్టుకోండి. "ఖొపి సె జాన్ జుసెయో" అంటే కాఫీ మూడు కప్పులు ఇవ్వండి. వాక్యంలో మాటల క్రమం మనదే, క్రియ చివర్లోనే. కాఫీ తీసేసి ముల్ పెడితే నీళ్లు వస్తాయి.

ఇంకోటి, తెలుగు లిపిలో రాసుకుని నేర్చుకోవద్దు. చెయ్యికీ గీతకీ వాళ్ల మాటలు వేరు, మన లిపిలో రెండూ "సొన్" అయిపోతాయి. వాళ్ల లిపి హంగుల్‌లో మూలాక్షరాలు 24 మాత్రమే. గుణింతాలు దిద్దినవాళ్లకు అదో లెక్కా?