ఇంజిన్ మార్చే ముందు పాతదాన్ని విప్పి చూడండి

పాత కారు ఇంజిన్ పోయిందనగానే అందరూ ఒకే సలహా ఇస్తారు: "ఇంకెందుకు, తీసేసి వేరేది కొనుక్కోండి." ఆ కారుకు వచ్చే ధర కన్నా ఇంజిన్ మార్చడానికయ్యే ఖర్చే ఎక్కువని లెక్క చెబుతారు. ఆ లెక్క తప్పని నా అభిప్రాయం. ఇంజిన్ ఖర్చును పోల్చాల్సింది ఆగిపోయిన కారు ధరతో కాదు, దాని బదులు కొనబోయే కారు ఖర్చుతో. గేర్‌బాక్స్ బాగుండి, అడుగున తుప్పు లేకపోతే ఇంజిన్ మార్చుకోవడమే మేలు. ఫ్రేమ్‌ను తుప్పు తినేసిందా, ఆ కారు మీద ఆశ వదులుకోండి.

కానీ పాత ఇంజిన్ ఎందుకు పోయిందో తేలకుండా ఇంకొకటి బిగించొద్దు. కారు ఎప్పుడు రోడ్డెక్కుతుందా అన్న టెన్షన్‌లో చాలామంది దించిన ఇంజిన్‌ వైపు కన్నెత్తి కూడా చూడరు. ఆయిల్ పాన్ (ఇంజిన్ అడుగున ఆయిల్ నిలిచే తొట్టి) విప్పించి, ఒక బేరింగ్ క్యాప్ (ఇంజిన్ షాఫ్ట్ తిరిగే బేరింగ్‌ను పట్టి ఉంచే మూత) తీయించండి. బేరింగ్ లోపలి ముఖం బూడిద రంగులో నున్నగా ఉండాలి. అది గీసుకుపోయి అడుగున ఉన్న రాగి రంగు బయటపడితే, ఆయిల్ సరిగ్గా అందక అరిగిపోయి ఉండొచ్చు. పాన్‌లో తళతళలాడే పొడి కనిపిస్తే అది అరిగిన లోహమే. అప్పుడు ఆయిల్ కూలర్ కూడా మార్చాల్సిందే, దాని సన్నటి దారుల్లో ఇరుక్కున్న పొడి ఎంత కడిగినా పూర్తిగా పోదు. ఆయిల్ తెల్లగా చిక్కబడితే కూలెంట్, అంటే ఇంజిన్‌ను చల్లబరిచే ద్రవం, అందులో కలిసిందని అర్థం. ఇంజిన్ బ్లాకుకూ దాని పైభాగానికీ మధ్య ఉండే హెడ్ గాస్కెట్ అనే సీల్ పోయి ఉండొచ్చు, కానీ అది ఎందుకు పోయిందన్నదే అసలు సంగతి. పూడుకుపోయి ఇంజిన్‌ను చల్లబరచలేని రేడియేటర్‌నే కొత్త ఇంజిన్‌కూ తగిలిస్తే, దానికీ అదే గతి పడుతుంది.

ఇంజిన్ బయట ఉండగానే వెనక ఆయిల్ సీల్, వాటర్ పంప్, టైమింగ్ బెల్ట్ (వాల్వులను పిస్టన్లకు తగ్గట్టు కదిలించే బెల్ట్) ఉంటే అదీ మార్పించండి. ఆ సీల్ ఇంజిన్‌కూ గేర్‌బాక్స్‌కూ మధ్య ఉంటుంది. తర్వాత కారిందంటే అంత చిన్న రబ్బరు రింగు కోసం మళ్లీ గేర్‌బాక్స్ దించాలి. ఇక చాలా ఇంజిన్లలో టైమింగ్ బెల్ట్ తెగితే పిస్టన్లు తగిలి వాల్వులు వంగిపోతాయి.

ఆటోమేటిక్ కారైతే ఇంజిన్ శక్తిని గేర్‌బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్ దగ్గర తొందర అస్సలు పనికిరాదు. తిప్పుతూ లోపలికి నెడితే అది మెట్టుమెట్టుగా దిగి గేర్‌బాక్స్ పంపులో కూర్చుంటుంది. పూర్తిగా దిగకుండా, బోల్టులతో లాగి ఇంజిన్‌ను దగ్గరకు బిగిస్తే పంపు పగులుతుంది. బాగున్న గేర్‌బాక్స్ చేజేతులా పోతుంది.

మొదటిసారి స్టార్ట్ చేసేముందు ఇంధనం అందకుండా ఆపి, ఆయిల్ ప్రెషర్ వచ్చేదాకా స్టార్టర్‌ను మధ్యమధ్యలో ఆపుతూ తిప్పాలి.

ఇవన్నీ ఇంజిన్ దించకముందే మెకానిక్‌తో మాట్లాడుకోండి. పాత ఇంజిన్ తిరిగిచ్చే షరతు మీద కొంటుంటే, అది చేయి దాటేలోపే పాన్ మీ ఎదుట విప్పించండి. కుదరదంటే ఇంకో మెకానిక్‌ను చూసుకోండి.