కొల్చిసిన్ ఉత్త నొప్పి మాత్ర కాదు

గౌట్ (కీళ్లలో యూరేట్ స్ఫటికాలు చేరి వాపు తెచ్చే జబ్బు) మీద వచ్చిన ఒక వ్యాసంలో, దానికి వాడే కొల్చిసిన్ మందును ‘నొప్పి మాత్ర’ అని ఒక్క ముక్కలో తేల్చేశారు. కాదండీ, అది పట్టుకునేది తెల్లరక్తకణం లోపలి ట్యూబులిన్ అనే ప్రోటీన్‌ను. ట్యూబులిన్ జంటలు ఒకదానికొకటి అతుక్కుంటూ పోతేనే మైక్రోట్యూబ్యూల్ అనే సన్నటి గొట్టం పెరుగుతుంది. కొల్చిసిన్ అంటిన జంట వంగినట్టే ఉండిపోతుంది, నిటారుగా సర్దుకోదు, గొట్టం అక్కడితో ఆగుతుంది. దాంతో న్యూట్రోఫిల్ అనే తెల్లరక్తకణం కీలులోని యూరేట్ స్ఫటికాల వైపు సరిగా కదల్లేదు. కణం లోపల ఎన్‌ఎల్‌ఆర్‌పీ3 అనే ప్రోటీన్ల కూటమీ సరిగా కట్టుకోదు కాబట్టి వాపు రేపే ఐఎల్-1 బీటా అనే ప్రోటీన్ తగ్గుతుంది. పైగా మందును బయటికి తోసే పీ-గ్లైకోప్రోటీన్ న్యూట్రోఫిల్స్‌లో తక్కువ. అందుకే రక్తంలో కన్నా వాటిలోనే పేరుకుంటుంది.

మన విశాఖలో ఆదివారం రొయ్యలూ బీరూ, సోమవారం గౌట్‌తో బొటనవేలి వాపూ కొత్తేం కాదు. డాక్టరు రాస్తే, నొప్పి మొదలైన 12 గంటల్లోపు 1 మి.గ్రా., గంట తర్వాత 0.5 మి.గ్రా. గంటకో మాత్ర చొప్పున మింగే పాత పద్ధతి వద్దు. విరేచనాలు మొదలైతే పేగు కణాలకూ దెబ్బ తగిలినట్టే (అడవినాభి దుంపలోని విషమూ కొల్చిసినే). క్లారిత్రోమైసిన్ అనే యాంటీబయోటిక్ వాడేవాళ్లలో, కిడ్నీ దెబ్బతిన్నవాళ్లలో మందు ఒంట్లోనే నిలిచి ఎముక మజ్జను దెబ్బతీస్తుంది. డయాలసిస్ చేసినా బయటికి రాదు.