మహారాజశ్రీ మూడు ఫేజుల మోటారు గారికి

మహారాజశ్రీ రెండు హార్స్‌పవర్ మోటారు గారికి, విజయవాడ పటమటలో ఇంటి వెనక రేకుల షెడ్డు నుంచి నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. తమరి క్షేమం ఆ గుయ్యిమనే మూలుగులోనే తెలుస్తోంది.

ఏదో మిల్లు నుంచి వచ్చిన తమరిని ఆటోనగర్‌లో పాత ఇనుము కింద కాటా వేసి అమ్మేస్తుంటే, అయ్యో, రాగి చుట్టలు చెక్కుచెదరలేదు గదా అని జాలిపడి తెచ్చుకున్నాం. లోహాన్ని చెక్కే చిన్న లేతు యంత్రానికి బిగించి, బెల్టు వేసి, స్విచ్చి నొక్కాం. తమరు అలకపాన్పు ఎక్కారు. స్కూటర్ కోసం అలిగిన అల్లుళ్లని చూశాం, గొలుసు కోసం అలిగినవాళ్లని చూశాం. ఇంకో రెండు ఫేజులు, అంటే కరెంటు మోసుకొచ్చే ఇంకో రెండు తీగలు, తెస్తేగానీ లేవనన్న అల్లుణ్ణి ఇప్పుడే చూస్తున్నాం.

తమరిది గొప్ప వంశమే, కాదనం. 1889లో జర్మనీలో పనిచేస్తున్న దొబ్రొవోల్‌స్కీ అనే రష్యా ఇంజనీరు మీ మూలపురుషుణ్ణి తయారుచేశాడు. 1891లో లౌఫెన్ నుంచి ఫ్రాంక్‌ఫర్టుకి 175 కిలోమీటర్ల దూరం మూడు ఫేజుల కరెంటు పంపి లోకానికి చూపించారు. మూడు ఫేజులూ 120 డిగ్రీల ఎడంతో ఒకదాని వెనక ఒకటి వస్తుంటే లోపల అయస్కాంత క్షేత్రం తనంతట తనే గిర్రున తిరుగుతుంది, రోటరు, అంటే లోపల తిరిగే భాగం, దాని వెంటపడుతుంది. మా ఇంటికొచ్చేది ఒక ఫేజు, ఒక న్యూట్రల్. దాంతో క్షేత్రం అటూ ఇటూ ఊగుతుందేగానీ తిరగదు. అందుకే తమరు కదలకుండా మూలుగుతారు. అలాగే వదిలేస్తే వైండింగ్ మాడిన వాసన వీధి చివరికి వెళుతుంది.

పోనీ బెల్టు తీసేసి, షాఫ్టుకి తాడు చుట్టి ఒక్క గుంజు గుంజితే? లేచి పరిగెడతారు! కుడికి గుంజితే కుడికి, ఎడమకి గుంజితే ఎడమకి. ఏ దిక్కైనా తమరికి ఒకటే. ఎన్నికల ముందు ఈ జబ్బు మనుషుల్లో కూడా కనిపిస్తుంది లెండి.

ఇక సలహాలు. మూడు ఫేజుల కనెక్షన్ పెట్టించుకోమన్నారు. తమరి ఒక్కరి కోసం కొత్త మీటరు, సర్వీసు వైరు, డిపాజిట్టు, పైగా లోడు లెక్కన నెలనెలా ఫిక్స్‌డ్ చార్జీ. ఇంకొకాయన మరో మూడు ఫేజుల మోటారు కొని ఊరికే తిప్పుతూ ఉండమన్నాడు. అది ఏ పనీ చేయకుండా తిరుగుతుంటే దాన్నుంచి వచ్చే మూడో ఫేజుతో తమరు పనిచేస్తారట. పనిచేసేవాడి పక్కన పనిలేనివాణ్ణి పెట్టడం మాకూ కొత్త కాదు గానీ, కరెంటు బిల్లు మేమే కట్టాలి.

వైండింగ్ మేస్త్రీ వచ్చాకే అసలు గుట్టు బయటపడింది. తుప్పుపట్టిన స్క్రూలు తీసి టెర్మినల్ బాక్సు మూత లేపాడు. లోపల జిడ్డు, నల్లటి దుమ్ము, ఒక బల్లిగుడ్డు పెంకు. వాటి మధ్య రెండు వరసల్లో ఆరు ఇత్తడి బోల్టులు, ఒక వరసలోని మూడింటినీ కలుపుతూ పట్టీ. ‘ఇది స్టార్ సార్, మూడు చుట్టల కొసలూ ఒకచోట కలిపారు. ప్లేటు మీద 415 అంటే ఫేజుకీ ఫేజుకీ మధ్య. లోపల ఒక్కో చుట్టకి తగిలేది 240 ఓల్టులే’ అన్నాడు.

ఎంత మాట! మిల్లులో ఉన్నన్నాళ్లూ తమరు తిన్నది మా హాల్లో సీలింగ్ ఫ్యాను తినే 240 ఓల్టులేనన్నమాట. మరి ఆ 415 బోర్డు ఎందుకండీ, గేటుకి తగిలించుకున్న బిరుదులాగా? ఆ పట్టీ విప్పి మూడు పట్టీలు నిలువుగా వేస్తే చుట్టలు ఒకదాని కొసకి ఒకటి గొలుసులా కలిసి డెల్టా అవుతుంది, తమరు మా ఇంటి ఓల్టేజీకి దిగొస్తారు. మీ అన్నగార్లు, ఐదు హార్స్‌పవర్ పైనున్నవాళ్లు, సాధారణంగా 415కే డెల్టాలో ఉంటారు కాబట్టి వాళ్లతో ఈ పప్పులు ఉడకవు. మీకంటే ముసలివాళ్లు కొందరు స్టార్ జాయింటు లోపలే దాచుకుని మూడు వైర్లే బయటికి పంపుతారు. వాళ్లని విప్పించి ఆ జాయింటు వెతికించాలి.

డెల్టా అయ్యాక కండెన్సర్ పెట్టి మూడో ఫేజులాంటిది పుట్టించి తిప్పొచ్చన్నాడు మేస్త్రీ. కిలోవాటుకి సుమారు 70 మైక్రోఫారాడ్ల లెక్కన ఒకటిన్నర కిలోవాట్ల తమరికి వంద దాటుతుంది. తిరుగుతారు, కానీ మూడింట రెండొంతుల బలమే ఉంటుంది, లేచేటప్పుడు అదీ ఉండదు. గ్రైండింగ్ రాయికైతే చాలు. బరువు మోస్తూ లేవాల్సిన కంప్రెసర్‌కి పనికిరాదు.

చివరికి వీఎఫ్‌డీ (వేరియబుల్ ఫ్రీక్వెన్సీ డ్రైవ్) అనే డబ్బా తెచ్చాం. తమరికంటే దానికే ఎక్కువ పోశాం. అది మా ఇంటి కరెంటునే డీసీ చేసి, 340 ఓల్టుల దాకా నిలవచేసి, సెకనుకి వేలసార్లు ముక్కలుగా కోసి, ఇవిగో మూడు ఫేజులు అని తమరికి వడ్డిస్తుంది. అదే ప్లగ్గు, అదే కరెంటు. నిన్నటిదాకా ముట్టనన్నవారు కిక్కురుమనకుండా తిరుగుతున్నారు.

అయినా కోరికలు తీరలేదు. డబ్బాకీ తమకీ మధ్య స్విచ్చి ఉండకూడదట. ఎర్తు వైరు విడిగా కావాలట. కట్టేశాక కూడా డబ్బాలో కాసేపు ఓల్టేజీ ఉంటుంది కాబట్టి వెంటనే మూత తీయకూడదట. స్విచ్చి తీసేస్తాం, ఎర్తు లాగుతాం, ఆగుతాం. కానీ ఆ డబ్బాతో స్పీడు తగ్గిస్తే తమరి వెనకున్న ఫ్యానూ నెమ్మదిస్తుంది, ఒళ్లు కాలిపోతుంది. మామూలు మోటార్లని 40 డిగ్రీల ఎండకి లెక్కగట్టి చేస్తారు. బెజవాడ మే నెలకి ఆ లెక్క ఎవరూ చెప్పలేదు. అందుకని తమరి పక్కన ఒక టేబుల్ ఫ్యాను పెట్టాం. అది హాల్లోది. మా ఆవిడ వచ్చి అడిగితే తమరే సమాధానం చెప్పుకోవాలి.

ఇట్లు,
ఒంటి ఫేజు ఇంటాయన