రెండు తీగల దగ్గర ఆగిపోతున్న పొక్లెయిన్లు

టెక్కలి పక్కన గ్రానైట్ క్వారీలో మా బావ పొక్లెయిన్ నాలుగు రోజులు కదలకుండా ఉండిపోయింది. "ఏటో కోడు పడ్డాది బావా, ఇంజిన్ రైజ్ అవట్లేదు" అని ఫోన్ చేశాడు. నేను వెళ్లేసరికి స్క్రీన్ మీద ఎర్ర బొమ్మ, దాని కింద కమ్యూనికేషన్ ఎర్రర్. ఇంజిన్ స్టార్టవుతోంది, ఐడ్లింగ్ దాటి లేవడం లేదు. విశాఖ నుంచి లాప్‌టాప్‌తో వచ్చిన సర్వీస్ కుర్రాడు గంటసేపు ప్రయత్నించాడు. లాప్‌టాప్‌కు ఇంజిన్ కంట్రోలర్ పలకలేదు. పలకలేదు కాబట్టి పోయిందని తేల్చి, కొత్తది వేయాలని ఎస్టిమేట్ రాసిచ్చాడు. లక్షల్లో ఉంది. కిస్తీ మీద తీసుకున్న బండికి అలాంటి కాగితం చేతికొస్తే ఇంట్లో ఎవరికీ నిద్రపట్టదు.

మూడో రోజు సాయంత్రం విజయనగరం నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. లారీ వైరింగ్‌లో తల పండిన ఎలక్ట్రీషియన్. చేతిలో మల్టీమీటర్ తప్ప ఇంకేమీ లేదు. ఎస్టిమేట్ చదివి, "ఇంజిన్ నడుస్తన్నాది కదా బాబూ, దాని మెదడు చచ్చిపోతే ఎలా నడుస్తాది?" అన్నాడు. నిజమే. ఈ తరం కామన్ రైల్ ఇంజిన్‌లో డీజిల్ ఎప్పుడు, ఎంత చిమ్మాలో కంట్రోలరే చెప్పాలి. అది పోతే ఐడ్లింగ్ కూడా ఉండదు. అంటే కంట్రోలర్ బతికే ఉంది, దాని మాట బయటకు రావడం లేదు. ఈ చిన్న తేడా పట్టుకోలేకపోవడమే మన జిల్లాల్లో యంత్రాల యజమానులను ముంచుతోందని నా అభిప్రాయం.

ఈ బళ్లలో ఇంజిన్ కంట్రోలర్, హైడ్రాలిక్ కంట్రోలర్, క్యాబిన్‌లోని డిస్‌ప్లే అన్నీ ఒకదానితో ఒకటి మెలిపెట్టిన రెండు సన్నటి తీగల మీదే మాట్లాడుకుంటాయి. దీన్ని క్యాన్ బస్ అంటారు. జర్మనీకి చెందిన బాష్ కంపెనీ 1986లో కార్ల కోసం దీన్ని ప్రపంచానికి చూపింది. భారీ యంత్రాలు, లారీల్లో ఎక్కువగా వాడేది దీని మీద కట్టిన జే1939 అనే పద్ధతి. రచ్చబండ మీద కూర్చున్నట్టు ఒకరు మాట్లాడితే అందరికీ వినపడుతుంది. ఆపరేటర్ థ్రాటిల్ డయల్ తిప్పితే "వేగం పెంచు" అనే మాట ఈ తీగల మీదుగానే ఇంజిన్‌కు చేరుతుంది. మాట చేరకపోతే ఇంజిన్ ఐడ్లింగ్ దగ్గరే ఉండిపోతుంది. మా బావ బండికి జరిగింది అదే.

ఈ లైనుకు రెండు చివర్లా 120 ఓమ్‌ల రెసిస్టర్లు ఉంటాయి. సందేశం చివర తగిలి వెనక్కి మళ్లి గందరగోళం చేయకుండా ఆపడం వాటి పని. రెండూ ఆ రెండు తీగల మధ్యే సమాంతరంగా (పారలల్‌గా) ఉంటాయి కాబట్టి బ్యాటరీ తీసేసి రెండు తీగల మధ్య కొలిస్తే మీటర్ 60 చూపాలి. పెద్దాయన బ్యాటరీ కటాఫ్ స్విచ్ ఆపి, సీటు వెనక గుండ్రటి తొమ్మిది పిన్నుల సాకెట్ మూత తీసి, ఆ రెండు తీగలు వచ్చే సీ, డీ రంధ్రాల్లో మీటర్ పుల్లలు పెట్టాడు. 120 చూపింది. ఒక చివర రెసిస్టర్ కనపడటం లేదు, అంటే దారిలో ఎక్కడో తెగింది. సున్నా దగ్గర చూపితే రెండు తీగలూ ఒకదానికొకటి తగులుతున్నాయని అర్థం. 40 చూపితే ఎవరో రిపేరు పేరుతో అదనంగా ఇంకో రెసిస్టర్ పెట్టారని అర్థం. లాప్‌టాప్ గంటసేపట్లో చెప్పలేనిది ఆ ఒక్క అంకె అర నిమిషంలో చెప్పింది.

అక్కడి నుంచి సాకెట్ తర్వాత సాకెట్ విప్పుకుంటూ వెళ్లాడు. క్యాబిన్ వెనక, ఇంజిన్ గది గోడ దగ్గరి సాకెట్ విప్పగానే దొరికింది. పసుపు తీగ పిన్ను చిలుమెక్కి పచ్చగా పొడిపొడి అయిపోయి ఉంది. కొత్త పిన్ను కట్టి, రబ్బరు సీలు మార్చి మళ్లీ కొలిస్తే 60. తాళం తిప్పితే ఇంజిన్ లేచింది.

ఆ పిన్నుకు చిలుము ఎందుకు పట్టింది? వారానికోసారి ప్రెషర్ పంపుతో ఇంజిన్ గదిలోకి నేరుగా నీళ్లు కొట్టేవారు. పైగా నౌపడ ఉప్పు మడుల మీదుగా వీచే గాలి. తడి, ఉప్పు, కరెంటు ఒకచోట కలిస్తే రాగి నిలవదు. ఇప్పుడు ఆ ఉప్పు మడుల దాపునే మూలపేట పోర్టు పని సాగుతోంది. అక్కడ తిరిగే ప్రతి బండికీ ఈ గండం ఉంది. కడగొద్దని అనడం లేదు, సాకెట్ల మీదికి పంపు తిప్పకండి అంటున్నాను. వెల్డింగ్ సంగతీ అంతే. బకెట్ పళ్లు అతికించేటప్పుడు బ్యాటరీ తీయకుండా, ఎర్త్ క్లిప్పు ఎక్కడో ట్రాక్ దగ్గర తగిలిస్తే ఆ కరెంటు కంట్రోలర్ల గుండా దారి వెతుక్కుంటుంది. అప్పుడు నిజంగానే కంట్రోలర్ పోతుంది.

లాప్‌టాప్ తెచ్చిన కుర్రాడిని నేను తప్పుపట్టను. కోడును చూసి విడిభాగం చెప్పడమే అతనికి నేర్పారు. కోడు చెప్పేది సగమే. జే1939 కోడులో ఎఫ్‌ఎంఐ అనే అంకె ఉంటుంది, తెగులు ఏ రకమో చెప్పేది అదే. అది 9 అయితే రావాల్సిన సందేశం వేళకు రావడం లేదని అర్థం. ముందు తీగలు, ఆ సందేశం పంపాల్సిన కంట్రోలర్‌కు వచ్చే సప్లై, ఫ్యూజు, ఎర్త్ చూడాలి. 19 అయితే సందేశం వస్తోంది, అందులోని లెక్కే తప్పు. అప్పుడు పంపినవాడి వైపు సెన్సర్ చూడాలి. రెండింటికీ ఒకే మందు వేస్తే డబ్బు పోవడం తప్ప ఏమీ ఉండదు. 60 వచ్చినంత మాత్రాన అంతా బాగున్నట్టూ కాదు. తాళం ఆన్ చేసి ఎర్త్‌తో కొలిచినప్పుడు ఒక తీగ రెండున్నర వోల్టుల కంటే కాస్త ఎక్కువ, రెండోది కాస్త తక్కువ చూపాలి. కొన్ని తెగుళ్లు బండి వేడెక్కి వణికినప్పుడే బయటపడతాయి. అలాంటప్పుడు హార్నెస్‌ను, అంటే తీగల కట్టను, చేత్తో ఊపుతూ మీటర్ మీద కన్ను వేసి ఉంచాలి. దీనికి ఓపిక కావాలి, ఆ ఓపికకు టైమ్ ఇచ్చే యాజమాన్యం కావాలి.

ఇకముందు ఈ బాధ తగ్గదు. నిర్మాణ యంత్రాలకు సీఈవీ స్టేజ్-4 పొగ నిబంధనలు 2021 ఏప్రిల్‌లో వచ్చాయి, స్టేజ్-5 2025 జనవరి 1న వచ్చింది. పొగ శుభ్రం కావడం మంచిదే, ఆ మేరకు సెన్సర్లూ కంట్రోలర్లూ పెరిగాయి. భోగాపురం విమానాశ్రయం, మూలపేట పోర్టు, హైవేల పనులతో శ్రీకాకుళం, విజయనగరం రెండు జిల్లాల్లోనూ యంత్రాలకు కొదవ లేదు. వాటిని నడపడానికి మన కుర్రాళ్లున్నారు, వాటి తీగలు చదివేవాళ్లే వేళ్లమీద లెక్కపెట్టేంతమంది.

అందుకే నేను రెండు విషయాలు గట్టిగా అడుగుతున్నాను. ఒకటి, మన ఐటీఐలు, పాలిటెక్నిక్‌లలో ఒక పాత హార్నెస్, రెండు రెసిస్టర్లు, ఒక మీటర్ పెట్టి ఈ కొలతలు చేయించాలి. దీనికి కోట్ల ల్యాబ్ అక్కర్లేదు. రెండోది, బండి కొన్నవాడికి దాని వైరింగ్ డయాగ్రమ్ ఇవ్వాలి. మా బావ అడిగితే అది కంపెనీ లోపలి కాగితమన్నారు. పెద్దాయన ఆ సాకెట్ కోసం గంటన్నర వెతకాల్సి వచ్చింది, బొమ్మ చేతిలో ఉంటే పది నిమిషాల పని. రిపేరు హక్కు మీద కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో కమిటీ వేసినప్పుడు వ్యవసాయ పరికరాలు, మొబైళ్లు, ఇంటి వస్తువులు, వాహనాలు అని నాలుగు రంగాలు చెప్పింది. నిర్మాణ యంత్రాల పేరు విడిగా లేదు, చేర్చాలి. ఇల్లు తాకట్టు పెట్టి బండి కొన్నవాడికి ఆ బండి లోపల ఏ తీగ ఎటు వెళ్తుందో తెలుసుకునే హక్కు లేదనడం అన్యాయం.

మా బావ క్యాబిన్ తలుపు లోపల మార్కర్‌తో 60 అని రాసుకున్నాడు. ఆపరేటర్ కుర్రాడిది మందస వైపు. ప్రతి నెలా ఒకటో తారీఖున స్విచ్ ఆపి, తానే కొలిచి, తేదీ వేస్తున్నాడు. ఈ నెల 61 వచ్చిందట. "పర్లేదా?" అని ఫోన్ చేశాడు. పర్లేదన్నాను.