కళ్ళ వాపు అలర్జీయేనా? ముందు మూత్రం చూడండి

పొద్దున లేచేసరికి మూడేళ్ళ పిల్లాడి కళ్ళు ఉబ్బి ఉంటాయి. మధ్యాహ్నానికి కాస్త తగ్గుతాయి. ఏ పురుగో కుట్టి ఉంటుందనుకుంటారు. మెడికల్ షాపులో అడిగితే అలర్జీ సిరప్ చేతిలో పెడతారు. కొన్నాళ్ళకు పాదాలూ ఉబ్బుతాయి, నిక్కరు నడుం దగ్గర బిగుసుకుంటుంది. చూసినవాళ్ళు ‘వీడు ఒళ్ళు చేశాడే’ అని ముచ్చటపడతారు. చేసింది ఒళ్ళు కాదు, పట్టింది నీరు.

నెఫ్రోటిక్ సిండ్రోమ్ చాలామంది పిల్లల్లో ఇలాగే బయటపడుతుంది. కిడ్నీలో రక్తాన్ని వడకట్టే జల్లెడ పాడై అల్బుమిన్ అనే ప్రోటీన్ మూత్రంలో పోతుంది. మూత్రం నురగ కడుతుంది, ఒంట్లో నీరు చేరుతుంది. అనుమానం రావాలంటే పెద్ద స్కానింగులేమీ అక్కర్లేదు, మామూలు మూత్ర పరీక్ష చాలు. గర్భిణులకు ప్రతి చెకప్‌లో అల్బుమిన్ చూస్తాం. అదే పరీక్ష ఉబ్బిన మొహంతో వచ్చిన పిల్లాడికి చేయాలని ఎందుకు తట్టదో నాకు అర్థం కాదు.

కిడ్నీ అనగానే మనకు ఉద్దానం, డయాలసిస్ గుర్తొస్తాయి. ఇది ఆ జబ్బు కాదు. వీళ్ళలో 80 శాతానికి పైగా పిల్లలకు స్టెరాయిడ్ మాత్రలతో ప్రోటీన్ పోవడం ఆగిపోతుంది. మొదటిసారి సాధారణంగా 6 వారాలు రోజూ, ఆ తర్వాత 6 వారాలు రోజు విడిచి రోజు ఇస్తారు.

చిక్కంతా ఆ ‘స్టెరాయిడ్’ అన్న మాటతోనే. మొహం గుండ్రమవుతుంది, ఆకలి విపరీతంగా వేస్తుంది, పిల్లాడు చీటికిమాటికి పేచీ పెడతాడు. వాపు ఎటూ తగ్గింది కదా అని ఇంట్లోవాళ్ళే మాత్రలు ఆపేస్తారు. ఎవరో చెప్పారని పసరు మందుకు వెళ్తారు. ఇన్నాళ్ళూ బయటి నుంచి స్టెరాయిడ్ అందడంతో ఒళ్ళు సొంతంగా తయారుచేసుకోవడం తగ్గించేస్తుంది. ఒక్కసారిగా ఆపితే ప్రాణం మీదికి రావచ్చు. ఈ ముక్క ఓపీలో రెండు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పని డాక్టర్‌దీ తప్పే.

ఇంకో సంగతి, ఇది తిరగబెట్టే జబ్బు. ఎక్కువమందిలో మళ్ళీ వస్తుంది, తరచూ ఓ జలుబు వెనకాలే. అందుకే అసలు వైద్యం ఇంట్లో, ఒక నోటుపుస్తకంలో జరుగుతుంది. పొద్దున మొదటి మూత్రంలో ప్రోటీన్ ఉంటే రంగు మారే పరీక్ష స్ట్రిప్ ముంచి, వచ్చిన ఫలితం ఆ పుస్తకంలో రాయాలి. పసుపుగానే ఉంటే సరే. ఆకుపచ్చ ముదిరితే ప్రోటీన్ పోతున్నట్టు. రంగు ముదిరేకొద్దీ ప్లస్‌లు పెరుగుతాయి; 3 ప్లస్ గానీ 4 ప్లస్ గానీ వరుసగా మూడు రోజులు వస్తే తిరగబెట్టినట్టే, వాపు వచ్చేదాకా ఆగక్కర్లేదు. వాపు ఉన్నప్పుడు ఉప్పు తగ్గించాలి. ఉబ్బిన పిల్లాడికి జ్వరం, కడుపునొప్పి కలిసి వస్తే మాత్రం తెల్లారేదాకా చూడకూడదు, ఇన్ఫెక్షన్ కావచ్చు. ఎక్కువ మోతాదులో స్టెరాయిడ్ వాడుతున్నప్పుడు కొన్ని టీకాలు వేయకూడదు కాబట్టి టీకాకు వెళ్ళినా ఆ పుస్తకం చూపించాలి.

పిల్లల కిడ్నీ జబ్బులన్నీ వాపుతోనే రావు. కారణం తెలియని జ్వరంతో ఉన్న పసిబిడ్డకు మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉండొచ్చు. మగపిల్లాడికి ధార సన్నగా, చుక్కలుగా పడుతుంటే లోపల అడ్డు ఉందేమో చూడాలి. గొంతునొప్పో చర్మం మీద పుళ్ళో తగ్గిన కొన్నాళ్ళకు మూత్రం కోలా రంగులోకి మారితే బీపీ కూడా చూడాలి. పిల్లల చేతికి సరిపోయే చిన్న బీపీ పట్టీ ఎన్ని క్లినిక్కుల్లో ఉందో ఈసారి వెళ్ళినప్పుడు అడిగి చూడండి.